తెర పక్కన నిలబడ్డ మనిషి

సిర్గాపూర్ 2016 అక్టోబరు దాకా కల్హేర్ మండలంలో ఒక ఊరు. కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ డివిజన్ కింద మండల కేంద్రమైంది. ఇంకా వెనక్కి పోతే ఈ ప్రాంతం చిరునామాయే వేరు. 1956 నవంబరు 1 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్‌లో పెద్ద భాగం మైసూరు రాష్ట్రానికి, అహ్మద్‌పూర్, నిలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నారాయణఖేడ్, జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి. అందుకే నారాయణఖేడ్ అంగట్లో ఇవాళ్టికీ తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. తండాల నుంచి వచ్చినవాళ్లు లంబాడీ మాట్లాడుకుంటారు.

ఇలాంటి సరిహద్దు పల్లెలకు బొమ్మ ఆరుబయటే వచ్చింది. సినిమా హాలు ఉంటే గింటే తాలూకా కేంద్రంలో. ఊళ్లో ఉన్నది బొడ్రాయి దగ్గరి జాగా, బడి ముందరి మైదానం, జాతర జరిగే గుడి ఆవరణ. పటం వచ్చినా, డేరా వచ్చినా, సర్కారు జీపు వచ్చినా, డిష్ యాంటెన్నా వచ్చినా అక్కడికే రావాలి. వచ్చిన ప్రతిసారీ బొమ్మతో పాటు ఒక మనిషి కూడా వచ్చేవాడు. కథ చెప్పడానికో, ప్రకటన చేయడానికో, జనం అడిగినదానికి జవాబివ్వడానికో తెర పక్కన నిలబడేవాడు. ఆరుబయలు బొమ్మ చరిత్రలో సగం ఆ మనిషి చరిత్రే.

తెలంగాణలో ఆ మనిషి సినిమా కంటే చాలా పాతవాడు. పటం కథలవాళ్లు ఊరూరా తిరిగి రాత్రిళ్లు కథ చెప్పేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథకుల వర్గం ఉండేది. ముదిరాజుల దగ్గరికి కాకిపడగలవాళ్లు, పద్మశాలీల దగ్గరికి కూనపులివాళ్లు, గౌడుల దగ్గరికి గౌడజెట్టివాళ్లు, గొల్లల దగ్గరికి మందహెచ్చులవాళ్లు, మాదిగల దగ్గరికి డక్కలివాళ్లు వచ్చేవాళ్లు. చూసేవాళ్ల కులపురాణమే కథ. అందులో యుద్ధాలుంటాయి, శాపాలుంటాయి, అడవులు దాటే ప్రయాణాలుంటాయి. పటం రాసేది నకాషీలు. ఆ పని ఇవాళ చేర్యాలలో మిగిలింది, భౌగోళిక గుర్తింపు కూడా పొందింది.

పటాన్ని దగ్గర నుంచి చూస్తే సినిమా రీలు పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెడతారు. నేపథ్యం ఎర్రగా ఉంటుంది. మూడడుగుల వెడల్పు గుడ్డ నలభై, యాభై అడుగుల పొడవు సాగుతుంది. అడ్డంగా పూల అంచులు గీసి ఒక్కో ఘట్టాన్ని వేరు చేస్తారు. పటాన్ని చుట్టగా చుట్టి గుంజలకు వేలాడదీసి, కథ నడిచిన కొద్దీ కొంచెం కొంచెం విప్పుతారు. కథకుడు చేతికర్రతో బొమ్మను చూపిస్తూ పాడతాడు, మాట్లాడతాడు, నవ్విస్తాడు. వంతపాటగాళ్లు అందుకుంటారు. ఒక్క రాత్రితో తీరే పని కాదు, రోజుల తరబడి సాగుతుంది. జగదీశ్ మిత్తల్ సేకరణలో ఉన్న ఒక పటం 1625 నాటిది. అంటే నాలుగు వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద కదిలే బొమ్మ ఉంది, దాన్ని కదిలించే మనిషీ ఉన్నాడు. పటం పాతబడి చిరిగిపోతే పారేసేవాళ్లు కాదు. మనిషికి చేసినట్టే మర్యాద చేసి ఏట్లో కలిపేవాళ్లు.

యంత్రం మాత్రం సముద్రం దాటి వచ్చింది. తెలుగువాళ్లలో దాన్ని మొదట భుజానికెత్తుకుని తిరిగింది రఘుపతి వెంకయ్య. 1869లో మచిలీపట్నంలో పుట్టి, కుర్రతనంలోనే మద్రాసు చేరి ఫొటో స్టూడియో పెట్టాడు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించాడు. ఫ్రాన్స్‌లో గోమాంట్ కంపెనీ చేసిన ఆ యంత్రం బొమ్మతో పాటు గ్రామఫోన్ రికార్డు మీది శబ్దాన్ని కూడా జత చేసి వినిపించేది. మద్రాసు ఎస్ప్లనేడ్ మైదానంలో వెంకయ్య డేరా వేశాడు. తర్వాత యంత్రం మూటగట్టుకుని సింహళం, బర్మా దాకా పోయాడు. అలా సంపాదించిన డబ్బుతో మద్రాసులో గెయిటీ టాకీసు కట్టాడు. ఆ నగరంలో భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలు అది. 1921లో కొడుకు ప్రకాశ్‌తో కలిసి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. తెలుగు సినిమాకు ఆద్యుడని మనం పిలుచుకునే మనిషి మొదట డేరా మనిషి.

నిజాం రాజ్యంలో కథ వేరే దారి పట్టింది. 1922లో ధీరేంద్రనాథ్ గంగూలీ కలకత్తా నుంచి వచ్చి హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. రెండేళ్లు మూకీలు తీశాడు, హాళ్లు నడిపాడు. 1924లో ‘రజియా బేగం’ అనే సినిమా ప్రదర్శించేసరికి నిజాం ప్రభుత్వానికి కోపం వచ్చింది. ముస్లిం రాణి ప్రేమకథ ఆ సినిమా. రాజ్యం విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చింది. గంగూలీ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాడు.

సరిగ్గా అదే ఏడు లండన్‌లో మరో తెర పక్కన మరికొందరు నిలబడ్డారు. 1924 జూన్ 8న బ్రిటిష్ పర్వతారోహకులు మాలరీ, ఇర్విన్ ఎవరెస్టు మీద కనిపించకుండా పోయారు. ఆ యాత్రను కెప్టెన్ జాన్ నోయెల్ చిత్రీకరించి, ఆ ఏడాది చివర్లో ‘ది ఎపిక్ ఆఫ్ ఎవరెస్ట్’ పేరుతో లండన్ న్యూ స్కాలా థియేటర్లో విడుదల చేశాడు. ఒట్టి బొమ్మ చాలదనుకున్నాడేమో, టిబెట్ నుంచి ఏడుగురు లామాలను ఓడెక్కించి తెచ్చి, సినిమాకు ముందు వేదిక మీద నాట్యం చేయించాడు. టిబెట్ ప్రభుత్వం మండిపడింది. లామాల నాట్యం వ్యవహారం పెద్ద దౌత్య తగాదాగా మారి, ఎవరెస్టుకు మళ్లీ బ్రిటిష్ యాత్ర 1933 దాకా సాగలేదు. తెర పక్కన ఎవరిని నిలబెడుతున్నామన్నది చిన్న విషయం కాదని సాహస సినిమాకు మొట్టమొదటి దశాబ్దాల్లోనే తెలిసొచ్చింది.

నోయెల్ కంటే పదేళ్ల ముందు హెర్బర్ట్ పాంటింగ్ ఆ పని స్వయంగా చేశాడు. కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రలో ఛాయాగ్రాహకుడు ఆయన. స్కాట్ తిరిగి రాలేదు, పాంటింగ్ తిరిగి వచ్చాడు. 1914లో లండన్ ఫిల్‌హార్మోనిక్ హాల్లో తన మూకీ బొమ్మల పక్కన నిలబడి మంచు గురించీ, పెంగ్విన్ల గురించీ, పోయిన మిత్రుల గురించీ చెప్పాడు. జనం తండోపతండాలుగా వచ్చారు. సాహస రచయిత ఊరూరా తిరిగి తెర ముందు మాట్లాడే ఆనవాయితీ అక్కడి నుంచే గట్టిపడింది. 1952లో ఇటలీలోని ట్రెంటోలో పర్వత చిత్రోత్సవం మొదలైంది. 1976లో కెనడాలోని బాన్ఫ్‌లో మరొకటి వచ్చింది. పుస్తకం రాసినవాళ్లు, శిఖరాలెక్కినవాళ్లు, సినిమా తీసినవాళ్లు ఒకే వేదిక మీద కలిసే సంతలవి.

తెలుగువాళ్లలో అలాంటి సాహస రచయిత లేడా అంటే, ఉన్నాడు. 1896లో తూర్పు గోదావరిలో పుట్టిన కనకదండి వెంకట సోమయాజులు లాహోరులో రైల్వే ఉద్యోగం వదిలి, సహాయ నిరాకరణలో దూకి, చివరికి సన్యసించి స్వామి ప్రణవానంద అయ్యాడు. 1928 నుంచి కైలాస మానససరోవర ప్రాంతానికి మళ్లీ మళ్లీ పోయాడు. 1936-37లో మానససరోవరం ఒడ్డున ఒక మఠంలో ఏడాది పొడవునా ఉన్నాడు. సరస్సు ఎప్పుడు గడ్డకడుతుందో, ఎలా పగుళ్లిస్తుందో రాసిపెట్టాడు. సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర, కర్నాలి నదుల పుట్టుచోట్ల మీద పరిశోధన చేశాడు. ఆయన ‘ఎక్స్‌ప్లొరేషన్ ఇన్ టిబెట్’ను 1939లో కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చువేసింది. 1949లో వచ్చిన ‘కైలాస్-మానసరోవర్’కు నెహ్రూ ముందుమాట రాశాడు. 1976లో పద్మశ్రీ వచ్చింది. ఇంత చేసిన మనిషి పేరు మన బడిపిల్లలకు తెలియదు. పాంటింగ్‌కు దొరికిన తెర ప్రణవానందకు దొరకలేదు.

తెలంగాణ పల్లె రాత్రుల్లో తెర దొరికింది కల్పిత సాహసానికి. దాన్ని ఊరిదాకా మోసుకొచ్చింది టూరింగ్ టాకీసు.

టూరింగ్ టాకీసు ఒక కుటీర పరిశ్రమ. ఒక డేరా, ఒక ప్రొజెక్టరు, ఒక ఆయిల్ ఇంజను, ఒక గ్రామఫోను, మైకు, పదిమంది మనుషులు. పంటలు ఇళ్లకు చేరి చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలంలో, జాతర్లు మొదలయ్యే కాలంలో దిగేది. వానలు పడే ముందు డేరా ఎత్తేసేది. లైసెన్సు కూడా కొంతకాలానికే ఇచ్చేవాళ్లు, గడువు తీరితే జాగా మార్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద ఇవీ నడిచాయి. డేరాకు బయటికి పోయే దారులు, ఇసుక బకెట్లు, నీళ్ల బకెట్లు ఉండాలి. ఊరికే పెట్టిన నిబంధన కాదు. 1950ల మొదట్లో మంటకు తట్టుకునే ఫిల్ము వాడుకలోకి వచ్చేదాకా రీళ్లు నైట్రేటు ఫిల్ముతో తయారయ్యేవి. ఒక్కసారి అంటుకుంటే నీళ్లకు కూడా ఆరదు. పైగా ప్రొజెక్టరులో వెలుగు వచ్చేదే రెండు కార్బన్ పుల్లల మధ్య మండే నిప్పు నుంచి. ఆపరేటరు ఒక కన్ను తెర మీద, ఒక కన్ను ఆ పుల్లల మీద పెట్టుకుని నిలబడేవాడు. పుల్లలు అరిగిన కొద్దీ దగ్గరికి జరపకపోతే బొమ్మ పసుపెక్కి మసకబారేది. జనం ఈలలు వేసేవాళ్లు.

హాళ్లలో రెండు ప్రొజెక్టర్లుంటాయి, ఒక రీలు అయిపోగానే రెండోది అందుకుంటుంది. డేరాలో ఉండేది ఒక్కటే. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకల్లా అయిపోతుంది, రెండు వేల అడుగులదైతే ఇరవై రెండు నిమిషాలు. అయిపోగానే దీపాలు వెలిగేవి, కొత్త రీలు ఎక్కేది. అలా ఒక్క సినిమాలో ఎన్నో విరామాలు. ఆ విరామాలే పల్లీలమ్మేవాళ్లకు, మరమరాలమ్మేవాళ్లకు బతుకుతెరువు. రాక్షసుడి గుహలో హీరో పడిపోయాక దీపాలు వెలిగితే తర్వాత ఏమవుతుందో డేరా మొత్తం వాదించుకునేది.

పగలంతా ప్రచారం. ఎడ్లబండికి రెండు వైపులా పోస్టర్లు కట్టి, ముందు డప్పు, వెనక మైకు పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాళ్లు. రంగు కాగితాల కరపత్రాల కోసం పిల్లలు బండి వెంట పరుగెత్తేవాళ్లు. ఆ మైకు పట్టుకున్నవాడి నోట్లో కథ సగం ఉండేది, రహస్యం సగం ఉండేది. “భయంకరమైన కత్తి యుద్ధాలు, మాయలు, మంత్రాలు, నేడే చూడండి” అంటూ ఊపిరాడకుండా చెప్పుకుపోయేవాడు. పటం కథకుడి చేతికర్ర మైకుగా మారిందంతే. పొద్దు గూకగానే డేరా మీది లౌడ్‌స్పీకరులో రికార్డులు మొదలయ్యేవి. చాలాచోట్ల ఘంటసాల పాడిన ‘నమో వేంకటేశా’ వినిపించిందంటే బొమ్మ పడబోతోందని గుర్తు. పొలం నుంచి వచ్చి బువ్వ తిని బయల్దేరినవాళ్లు ఆ పాట విని నడక వేగం పెంచేవాళ్లు. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. ఆడవాళ్లకు పక్కన తడిక కట్టి వేరే చోటు. నేల టికెట్టు కొన్నవాడికి ఇంటి నుంచి తెచ్చుకున్న గొంగడే సీటు.

డేరాలో ఏ బొమ్మకు జనం కిక్కిరిసేవాళ్లో చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చిన నాటి నుంచి జానపద సాహసానికి ఎదురులేదు. తోటరాముడు మాంత్రికుడి వెంట పోవడం, కొండ గుహలు, మొసలి, భైరవి విగ్రహం, ఇవన్నీ పటం కథ విన్న చెవులకు కొత్త కావు. ఆ బాట మీద రెండు పేర్లు నిలబడ్డాయి. ఒకరు కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతరావు. జనం ‘కత్తి కాంతారావు’ అన్నారు. రెండోవారు జానపద బ్రహ్మగా పేరుపడ్డ బి.విఠలాచార్య. 1963లో వచ్చిన ‘గురువును మించిన శిష్యుడు’లో ఈ ఇద్దరూ కలిశారు.

విఠలాచార్య ఉడుపి వైపు మనిషి. సినిమాలు తీయక ముందు కర్ణాటకలోని హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు నడిపాడు. ఈ ఒక్క విషయం తెలిస్తే ఆయన సినిమాల తీరు అర్థమైపోతుంది. తక్కువ ఖర్చుతో తీయడం, పది నిమిషాలకొక మాయ, నవ్వో భయమో లేని రీలు లేకపోవడం, మాటకంటే బొమ్మకే ఎక్కువ పని చెప్పడం. రీలు రీలుకూ దీపాలు వెలిగే డేరాలో నేల మీద కూర్చున్నవాడు ఎక్కడ లేచిపోతాడో ఆయన కళ్లారా చూసినవాడు. పండితులు నవ్వుకున్న దెయ్యాలు, అస్థిపంజరాలు, మాట్లాడే జంతువులు ఆ చూపులోంచి పుట్టినవే. ‘జగన్మోహిని’ 1978లో ఆడిన తీరు చూస్తే ఆ అంచనా ఎంత సరైందో తెలుస్తుంది.

ఇదే కాలంలో సర్కారు కూడా ఊరి మైదానంలోకి దిగింది. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడింది. 1953లో పంచవర్ష ప్రణాళికల ప్రచారం కోసం మొదలైన విభాగం 1959లో క్షేత్ర ప్రచార డైరెక్టరేటుగా మారింది. జీపులో పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, జనరేటరు, చుట్టచుట్టిన తెల్ల తెర వేసుకుని ఊళ్లకు వచ్చేవాళ్లు. టికెట్టు లేదు. మలేరియా, మశూచి, కుటుంబ నియంత్రణ, కొత్త వంగడాలు, ఆనకట్టలు, ఇవీ కథలు. బొమ్మకు ముందు అధికారి నాలుగు మాటలు చెప్పేవాడు, తర్వాత అనుమానాలుంటే అడగమనేవాడు. పల్లెవాళ్లు మర్యాదగా విని, ఆఖర్న వేసే పాటల సినిమా కోసం ఎదురుచూసేవాళ్లు. అది అధికారికీ తెలుసు, కాబట్టే ఆ సినిమాను ఆఖర్న పెట్టేవాడు.

తర్వాత వచ్చింది ఆకాశం నుంచి వచ్చింది. 1975 ఆగస్టు 1న ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. అందరూ దాన్ని ‘సైట్’ అనేవాళ్లు. అమెరికా నాసా ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు భారతదేశానికి ఇచ్చింది. ఆరు రాష్ట్రాల్లో ఇరవై జిల్లాలు, 2,400 పల్లెలు ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో నారాయణఖేడ్ ఉన్న మెదక్ ఒకటి. మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాదు మిగతావి. టీవీ సెట్లు హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేసింది. తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో సిద్ధమయ్యేవి. హైదరాబాదు నగరానికి సొంత దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో గానీ రాలేదు. పట్నం కంటే రెండేళ్ల ముందే మెదక్ పల్లెలు టీవీ చూశాయి!

బడి మీదో పంచాయతీ మీదో కోళ్ల గూటికి వాడే జాలీతో చేసిన పదడుగుల డిష్ ఆకాశం వైపు నోరు తెరిచి ఉండేది. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ. ఒక్క పెట్టె చుట్టూ ఊరంతా నేల మీద కూర్చునేది. సెట్టు తాళంచెవి ఒక మనిషి దగ్గర ఉండేది, చాలాచోట్ల బడిపంతులు దగ్గర. కార్యక్రమంలో శాస్త్రవేత్త ఎరువుల మోతాదు చెబుతాడు. నల్లరేగడికా, ఎర్ర చెలకకా అని వెనక నుంచి ఎవరో అడుగుతారు. పెట్టెలో మనిషికి ఆ మాట వినిపించదు. పంతులు తనకు తెలిసింది చెబుతాడు. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం పక్కకు జరిగింది, పెట్టెలు మూగబోయాయి.

ఆ ప్రయోగంలో పనిచేసిన దూరదర్శన్ దర్శకుల్లో పి.వి.సతీష్ ఒకరు. 1945లో మైసూరులో పుట్టిన ఆయన పత్రికా రచన నుంచి టెలివిజన్‌కు వచ్చాడు. పల్లెల కోసం కార్యక్రమాలు చేస్తూ ఏళ్ల తరబడి తిరిగాడు. 1983లో మిత్రులతో కలిసి జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలుపెట్టాడు. నారాయణఖేడ్‌కు దక్షిణాన, ఒకే జిల్లాలో, అదే పాత బీదర్ నేలలో. అక్కడి దళిత ఆడవాళ్లు ఊరూరా సంఘాలు కట్టారు. పడావు పడ్డ భూములు బాగుచేశారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి పండించారు. విత్తనాల బ్యాంకులు పెట్టారు.

1990ల చివర్లో ఆ ఆడవాళ్ల చేతికి వీడియో కెమెరా వచ్చింది. వాళ్లలో చాలామంది బడికి పోనివాళ్లు. బటన్ల మీద ఇంగ్లిషు అక్షరాలు చదవలేరు. గుర్తులతో, రంగులతో నేర్చుకున్నారు. కెమెరా కోణాలకు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసి తీస్తే పటేల్ షాట్. ఎదురెదురుగా, కళ్ల ఎత్తులో పెట్టి తీస్తే సంఘం షాట్. తమ మనుషులను వీలైనంత వరకు సంఘం షాట్‌లోనే తీశారు. ఇప్పపల్లి మొల్లమ్మ, హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటివాళ్లు పొద్దున పొలం పనికి పోయి, మధ్యాహ్నం ట్రైపాడ్ మోసినవాళ్లు.

వాళ్లు తీసినవి ఊరి పంటల గురించి మాత్రమే కాదు. 2002లో ప్రభుత్వం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. వరంగల్ రైతుల చేలకు వీళ్లు కెమెరాతో పోయి, పంట కాలం పొడవునా వాళ్లతో మాట్లాడి, 2003లో ఒక సినిమా, 2005లో మరొకటి చేశారు. తర్వాత అదే ప్రశ్న పట్టుకుని దక్షిణాఫ్రికా, ఇండోనేషియా, మాలి దాకా పోయారు. వాళ్ల వాదనతో ఏకీభవించని శాస్త్రవేత్తలున్నారు, కంపెనీలూ ఉన్నాయి. దాని మంచిచెడ్డలు ఎలా తేలినా, భాష రాని దేశంలో పత్తి చేలో రైతు ముందు కెమెరా పెట్టి, దుబాసీ సాయంతో ప్రశ్నలడిగిన జహీరాబాద్ రైతుకూలీలది సాహస యాత్ర కాకపోతే ఆ మాటకు అర్థమే లేదు.

ఆ సినిమాలు హాళ్లకు పోలేదు. ఊళ్లకే వచ్చాయి. సొసైటీ ఏటా సంక్రాంతి నుంచి నెల రోజుల పాటు పాత పంటల జాతర నడుపుతోంది. ఎడ్లబండ్లను అలంకరించి, మట్టి కుండల్లో, బుట్టల్లో పదుల రకాల విత్తనాలు పెట్టి, డప్పులతో, పాటలతో ఊరి నుంచి ఊరికి సాగే యాత్ర అది. బండి చేరిన ఊళ్లో పగలు విత్తనాల మీద, పంటల మీద మాటలు. చీకటి పడ్డాక వీడియో. తెర మీద కనిపించే మనిషి జనంలోనే కూర్చుని ఉంటుంది. సినిమా తీసిన ఆమె తెర పక్కనే ఉంటుంది. “మీ ఊళ్లో సామలు ఎవరు పండిస్తున్నారు?” అని ఆమె జనాన్ని అడుగుతుంది. “గింజలు యాడ దొరుకుతయక్కా?” అని జనం ఆమెను అడుగుతారు. నల్లరేగడికా, ఎర్ర చెలకకా అన్న ప్రశ్నకు 1975లో పెట్టె చెప్పలేని జవాబు ఇక్కడ అప్పటికప్పుడు దొరుకుతుంది. ఎందుకంటే చెప్పేది ఆ నేల దున్నిన మనిషే.

2008 అక్టోబరు 15న మాచ్నూర్‌లో సంఘం రేడియో కూడా మొదలైంది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. 2023 మార్చి 19న సతీష్ కన్నుమూశాడు.

ఈలోగా డేరా టాకీసులు కనుమరుగయ్యాయి. 1980ల్లో అద్దె వీడియో వచ్చి పెళ్లిళ్లలో, పండుగల్లో రాత్రంతా మూడు సినిమాలు వేసింది. తర్వాత ఇంటింటికీ టీవీ, ఆ తర్వాత చేతిలో ఫోను. పొరుగు మహారాష్ట్రలో మాత్రం జాతర్ల వెంట తిరిగే డేరా సినిమాలు ఇంకొంతకాలం బతికాయి. వాటి చివరి రోజుల మీద షిర్లీ అబ్రహాం, అమిత్ మధేషియా తీసిన ‘ది సినిమా ట్రావెలర్స్’ 2016లో కాన్ ఉత్సవంలో గౌరవం అందుకుంది. తెలంగాణ డేరాల మీద అలాంటి సినిమా వచ్చినట్టు వినలేదు.

సాహసం మాత్రం ఈ చుట్టుపక్కలే పుడుతూ ఉంది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుని, టిబెట్ వైపు నుంచి ఎక్కింది. అంతకు తొంభై ఏళ్ల ముందు మాలరీ ఎక్కబోయి పోయింది ఆ వైపు నుంచే. 2017లో రాహుల్ బోస్ ‘పూర్ణ’ సినిమా తీశాడు. 2019లో అపర్ణ తోట ఆమె జీవితం పుస్తకంగా రాశారు. 2022లో పూర్ణ ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. తండాలు ఎక్కువున్న నారాయణఖేడ్ ప్రాంతంలో ఈ కథకు చుట్టరికం చెప్పక్కర్లేదు. పూర్ణ పుట్టింది లంబాడీ ఇంట్లోనే.

సినిమా ఉంది, పుస్తకం ఉంది, శిఖరాలెక్కిన మనిషీ ఉంది. సిర్గాపూర్ లాంటి ప్రతి ఊళ్లోనూ బడి ముందు మైదానం ఉంది. జాతరకూ, ఎన్నికలకూ ఎల్ఈడీ తెరలు అద్దెకు తెచ్చుకోవడం ఊరి కమిటీలకు అలవాటే. ఆ తెర మీద ఒక రాత్రి ‘పూర్ణ’ వేసి, ఒక పర్వతారోహకుడినో, యాత్రా రచయితనో, జహీరాబాద్ వైపు నుంచి ఒక సంఘం అక్కనో పిలిచి పిల్లల ఎదుట నిలబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బడి ప్రధానోపాధ్యాయులు, గ్రంథాలయ సంస్థలు, యువజన సంఘాలు ఈ సంక్రాంతి సెలవులకే ఆ ప్రయత్నం చేయాలి. దానితో పాటు ఇంకో పని కూడా ఉంది. డేరా టాకీసులో రీళ్లు తిప్పినవాళ్లు, ఎడ్లబండి మీద మైకు పట్టుకున్నవాళ్లు, సైట్ టీవీ తాళంచెవి దాచుకున్న పంతుళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉంటారు. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఉంటే ఫోన్లో రికార్డు చేసి, ఏ ఊరు, ఏ ఏడు, ఏ బొమ్మ అన్నది రాసిపెట్టండి.